పెదనాన్న అబాదాన్ నుంచి తెచ్చిన తివాచీ: చేత్తో నేసిందేనా? ఇరాన్‌దేనా?

సుజాత_సికింద్రాబాద్ | శనివారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. మా పెదనాన్న 1974 నుంచి 1978 దాకా ఇరాన్‌లో అబాదాన్ రిఫైనరీలో పనిచేశారు. అక్కడ గొడవలు ముదరకముందే వచ్చేశారు. వస్తూ వస్తూ ఒక తివాచీ తెచ్చారు. మా చిన్నప్పుడు పెళ్ళిచూపులకో, ఇంటికి పెద్దవాళ్ళెవరైనా వచ్చినప్పుడో మాత్రమే పరిచేవారు. దాని మీద కాఫీ గ్లాసుతో నడిస్తే పెద్దమ్మ ఊరుకునేది కాదు.

పెదనాన్న పోయి ఆరేళ్ళయింది. పెద్దమ్మ ఇల్లు ఖాళీ చేసి మా దగ్గరికి వచ్చేస్తోంది. సామాను సర్దుతుంటే అటక మీద పాత దుప్పట్లో చుట్టి కనిపించింది. రెండు మీటర్లకు మూడు మీటర్లు. ఇటికరాయి ఎరుపు, నడుమ పెద్ద పతకంలాంటి పువ్వు, చుట్టూ తీగలు, ముదురు నీలం అంచు. ఒక మూల అరచేయంత మేర పురుగు తినేసింది.

అమ్మే ఉద్దేశం లేదు గానీ, విలువ తెలుసుకుందామని ఒక షాపాయన్ని పిలిచాం. ఐదు నిమిషాలు చూసి "ఇది కాశ్మీరుదమ్మా, మెషీన్‌దైనా కావచ్చు, పన్నెండు వేలిస్తాను" అన్నాడు. కాశ్మీరుదీ మెషీన్‌దీ ఒకటెలా అవుతాయో నాకు అర్థం కాలేదు. పెద్దమ్మ మాత్రం ఆ మాట విని ఆ రోజంతా మాట్లాడలేదు.

డబ్బు సంగతి తర్వాత. ఆయన నాలుగేళ్ళు ఎండల్లో పనిచేసి దాచుకున్న డబ్బుతో కొన్న వస్తువేమిటో మాకు తెలియాలి. ఎలా గుర్తుపట్టాలో చెప్పండి.

దుబాయ్_రమణ | శనివారం, ఉదయం 11:40

సుజాత గారూ, నేను షార్జాలో పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్నాను. సెలవు దొరికితే బ్లూ సూక్‌లో తివాచీ దుకాణాల ముందే తిరుగుతుంటాను. మీరు చెప్పిన బొమ్మను బట్టి తబ్రీజ్ గానీ కాషాన్ గానీ అవ్వాలి. నడుమ పతకం, నాలుగు మూలల్లో దాని ముక్కలు, మధ్యలో తీగలు. ఇది ఇరాన్ పట్నాల్లో నేసే పద్ధతి. టర్కీ పల్లె తివాచీలైతే బొమ్మ ఎక్కువగా కోణాలు కోణాలుగా ఉంటుంది, పువ్వు కూడా మెట్లుమెట్లుగా వస్తుంది. వెనకవైపు ఫోటో, కుచ్చుల ఫోటో పెట్టండి.

మగ్గం_మనిషి | శనివారం, మధ్యాహ్నం 2:05

అక్కా, రమణన్నా, ఏమనుకోవద్దు. బొమ్మను చూసి ఊరు చెప్పుడు నమ్మేటిది కాదు. బొమ్మకు కాళ్ళుంటయి, ఎక్కడికైనా పోతది. కాషాన్ బొమ్మ ఉత్తరప్రదేశ్ భదోహిలో నేస్తరు, కాశ్మీరుల నేస్తరు, పాకిస్తాన్‌ల నేస్తరు, చైనాల నేస్తరు. మాది వరంగల్ కొత్తవాడ. మా నాయిన జంపఖానాలు నేసిండు, నేను బట్టల మిల్లుల పనిచేస్తున్న. మా ఇంట్ల ఎవరైనా కొత్త బట్ట తెస్తే మా నాయిన ముందుగాల దాన్ని తిప్పి వెనక చూసేటోడు. తివాచీకి గూడ అదే.

మీకు రెండు ప్రశ్నలున్నయి, రెంటినీ కలపొద్దు. ఒకటి, చేత్తో ముడి వేసిందా? రెండు, వేస్తే ఎక్కడ వేసిండ్రు? మొదటిదానికి మీ ఇంట్లనే, పది నిమిషాలల్ల జవాబు దొరుకుతది.

తివాచీని తిప్పుండ్రి. వెనక గుడ్డ అతికించి ఉంటే అక్కడ్నే ఆపేయుండ్రి. అది టఫ్టెడ్. గన్నులాంటి పనిముట్టుతోని గుడ్డలకు ఉన్ని గుచ్చి, ఊడిపోకుండ వెనక రబ్బరు జిగురు పూసి, ఆ జిగురు కనబడకుండ ఇంకో గుడ్డ అంటిస్తరు. కొన్నేండ్లకు ఆ జిగురు ఎండి తెల్ల పొడి రాలుతది. దానికి గూడ "చేతిపని" అని చీటీ కడతరు, గన్ను పట్టింది చెయ్యే గదా అని. అంగట్ల "హ్యాండ్ మేడ్", "హ్యాండ్ టఫ్టెడ్", "హ్యాండ్ లూమ్డ్", "హ్యాండ్ నాటెడ్" అని నాలుగు మాటలు వినిపిస్తయి. ముడి వేసింది ఆఖరుదే. బిల్లు మీద ఆ మాట రాయమంటే రాస్తరా లేదా చూడుండ్రి, సగం సంగతి తెలిసిపోతది.

వెనక గుడ్డ లేకుంటే బొమ్మ ముందటి లెక్కనే స్పష్టంగ కనబడాలె. ఇప్పుడు దగ్గరికెళ్ళి చూడుండ్రి. పడుగు, అంటే నిలువు దారాల మీద ఉన్ని ముళ్ళు వరుసగ గింజలు గింజలుగ ఉంటయి. ఒక వరుస ముళ్ళు వేసినంక పేక, అంటే అడ్డం దారం అటు ఇటు నడిపి, ఇనుప దువ్వెనతోని కొట్టి బిగిస్తరు. మనిషి చెయ్యి గనుక ఒక గింజ లావుగ, ఒకటి సన్నగ వస్తది, పేక ఒక దగ్గర కొంచెం వంకర పోతది. మెషీన్‌దైతే స్కేలుతోని గీసినట్టు ఒకే తీరు. తివాచీ వెడల్పు పైన, నడుమ, కింద కొలువుండ్రి. చేతిదైతే మూడు కొలతలు అచ్చంగ కలిసేది తక్కువ.

ఇగ కుచ్చులు. చేతి తివాచీల కుచ్చు అంటే వేరే అలంకారం గాదు, పడుగే. కొస నుంచి కొస దాక తివాచీ లోపల నడిచిన దారమే బయటికొచ్చి కుచ్చైతది. మెషీన్‌దానికి అంచు కుట్టి, తయారు కుచ్చును తెచ్చి అతికిస్తరు. కుచ్చు మొదట్ల మిషన్ కుట్టు ఉన్నదా చూడుండ్రి.

ఇంకొకటి చెప్పాలె. "నేతగాళ్ళు కావాలని ఒక తప్పు చేస్తరు, దేవుడొక్కడే పరిపూర్ణుడు గనుక" అని అమ్మేటోళ్ళు కథ చెప్తరు. నాకు ఆ కథ విన్నప్పుడల్ల మనసుకు కష్టమైతది. కావాలని తప్పు చేసే నేతగాణ్ణి నేను ఇంతదాక చూడలె. తప్పు పడ్డది చూసుకొని మా నాయిన రాత్రి పది గంటలకు దీపం పెట్టుకొని విప్పిన రోజులున్నయి.

సుజాత_సికింద్రాబాద్ | శనివారం, రాత్రి 8:30

మగ్గం మనిషి గారూ, మీరు చెప్పినట్టే పెద్దమ్మ, నేను హాల్లో తిరగేసి పరిచి చూశాం. వెనక గుడ్డ లేదు, జిగురు లేదు. బొమ్మ ముందువైపు కంటే వెనకే రంగు నిండుగా ఉంది. వెడల్పు ఒక కొసన 198 సెంటీమీటర్లు, నడుమ 201, రెండో కొసన 200. కుచ్చులు తెల్ల నూలు దారం, తివాచీ లోపలి నుంచే వస్తున్నాయి. ఎరుపు కూడా అంతటా ఒకే ఎరుపు కాదు. మధ్యలో ఒక చోట అడ్డంగా జానెడు మేర కొంచెం లేతగా, నారింజ కలిసినట్టుంది. అది పాడైపోవడమా?

ఫోటోలు పెట్టాను. చేతిదే అని నాకనిపిస్తోంది. అప్పుడు షాపాయన మాటలో సగం పోయినట్టే. మిగిలింది కాశ్మీరు.

సత్తెనపల్లి_శీను | శనివారం, రాత్రి 9:02

ఇన్ని తంటాలెందుకండీ? లైటర్ వెలిగించి మీద పెడితే నిజమైనది కాలదు, డూప్లికేట్ అయితే కరిగిపోతుంది. హైదరాబాద్‌లో ఎగ్జిబిషన్‌లో నా కళ్ళ ముందే చేసి చూపించారు.

రఫూ_కరీం | ఆదివారం, ఉదయం 7:15

శీను భాయ్, దయచేసి ఎవరి ఇంట్లోనూ ఆ పని చెయ్యకండి. ఉన్ని సహజంగానే త్వరగా అంటుకోదు. మెషీన్ తివాచీ కూడా ఉన్నితో చేసిందైతే లైటర్‌కు కాలదు. ఆ ఆట చూసి జనం "అసలు తివాచీ" అని కొనేస్తారు. దాంతో తెలిసేది దారం ఉన్నిదా, ప్లాస్టిక్‌దా అన్నది ఒక్కటే. నేసింది ఎవరో తెలియదు.

నేను పాతబస్తీలో తివాచీల రఫూ పని, అంటే చిరిగిన చోట తెలియకుండా పూడ్చే పని చేస్తాను, మా తాత నుంచి వచ్చిన పని. సుజాత గారూ, మీ ఫోటోలు పెద్దవి చేసి చూశాను. చేతితో ముడి వేసిందే, అనుమానం లేదు. ఆ లేత ఎరుపు పట్టీని "అబ్రష్" అంటాం. ఒక విడత రంగు వేసిన ఉన్ని అయిపోయి రెండో విడత మొదలైనప్పుడు అలా వస్తుంది. రంగు కడవ మారింది, అంతే. అది తప్పు కాదు, పాడైపోవడమూ కాదు. దాన్ని చూస్తే నాకు నేత కూర్చున్న మనిషి పక్కన ఉన్ని ఉండ అయిపోయిన రోజు కనిపిస్తుంది.

ఇక కాశ్మీరా ఇరానా అన్నది. ఇక్కడ ముడి మాట్లాడుతుంది. ప్రపంచంలో తివాచీ ముళ్ళు ముఖ్యంగా రెండు రకాలు.

టర్కీ ముడిలో ఉన్ని పోగు పక్కపక్కనున్న రెండు పడుగు దారాల మీద పట్టీలాగా అడ్డంగా పడుతుంది. రెండు కొసలూ రెండు వైపుల నుంచి కిందికి తిరిగి, ఆ రెండు దారాల నడుమ నుంచి జంటగా పైకొస్తాయి. అటూ ఇటూ సమానం. పర్షియా ముడిలో పోగు ఒక దారాన్ని మాత్రమే పూర్తిగా చుట్టి, పక్క దారం కింద నుంచి దూరి పైకొస్తుంది. రెండు కొసల నడుమ ఒక పడుగు దారం అడ్డం ఉంటుంది. మొదటిదాన్ని గోర్దెస్ ముడి అంటారు, పశ్చిమ టర్కీలో ఒక ఊరి పేరు. రెండోదాన్ని సెన్నే ముడి అంటారు. సెన్నే అంటే ఇరాన్‌లోని సనందజ్. ఇందులో చిక్కేమిటంటే, ఆ సనందజ్‌లో నేసేది మాత్రం టర్కీ ముడే! పేరు చూసి దేశం చెప్పబోతే ఇలాగే తప్పుతాం.

ఇరాన్‌లో కాషాన్, ఇస్ఫహాన్, నాయిన్, కోమ్, కెర్మాన్ వాళ్ళవి పర్షియా ముళ్ళు. తబ్రీజ్, హెరీజ్, హమదాన్ చుట్టుపక్కల పల్లెలు, కుర్దుల ఊళ్ళు, ఇవన్నీ టర్కీ ముళ్ళు. తబ్రీజ్‌లో వేళ్ళతో కాదు, చిన్న కొక్కెంతో వేస్తారు. ఆ కొక్కెం చివరే కత్తి ఉంటుంది, దారాన్ని లాగి ముడేసి అదే ఊపులో కోస్తారు. మరి కాశ్మీరు? నా చేతికొచ్చిన కాశ్మీరు తివాచీలన్నీ పర్షియా ముళ్ళే.

అంటే మీ తివాచీలో టర్కీ ముడి ఉందనుకోండి, ఆ తీగల బొమ్మ, నూలు పడుగు కూడా ఉన్నాయి కాబట్టి కాశ్మీరు, కాషాన్ రెండూ పక్కకు పోతాయి, తబ్రీజ్ ముందుకొస్తుంది. పర్షియా ముడి ఉంటే మనం మళ్ళీ కూర్చోవాలి.

ఎలా చూడాలంటే, బొచ్చు బయటికి వచ్చేలా తివాచీని అడ్డంగా, అంటే పేక వెంట మడవండి. ముళ్ళ వరుసలు విచ్చుకుంటాయి. అరిగిన చోటైతే ఇంకా బాగా కనిపిస్తుంది. టార్చి వేసి ఒక కుంకుమపుల్లతో బొచ్చు పక్కకు తొలగించండి. ముడి మొదట్లో రెండు పడుగు దారాలను కలిపి కప్పిన పట్టీ ఉందా, దాని కింద నుంచి రెండు కొసలూ కలిసి వస్తున్నాయా? లేక పట్టీ ఒక దారాన్నే చుట్టి, రెండో కొస పక్కన విడిగా వస్తోందా? పది చోట్ల చూడండి, ఒక్కచోట చూసి చెప్పకండి.

మరొకటి. వెనక స్కేలు పెట్టి 7 సెంటీమీటర్లలో ఎన్ని ముళ్ళున్నాయో లెక్కపెట్టండి. తబ్రీజ్ వాళ్ళు ఆ లెక్కనే "రజ్" అంటారు. జాగ్రత్త, కొన్ని తివాచీల్లో ఒక్కో ముడి వెనక రెండు గింజలుగా కనిపిస్తుంది. ఒకే ముడి మందమున్న సన్న గీత ఎక్కడుందో వెతికి, దాన్ని బట్టి లెక్క సరిచూసుకోండి.

డాలస్_శైలజ | ఆదివారం, ఉదయం 9:48

ఈ చర్చ చదువుతూ కూర్చుండిపోయాను. కరీం గారూ, మీలాంటి వాళ్ళు రాస్తే ఎంత బాగుంటుందో. నా సందేహం కూడా అడగొచ్చా? ఇక్కడ ఒక పెద్ద షోరూమ్‌లో "కొత్త పర్షియన్" అని రెండు తివాచీలు చూపించారు. ఇంకోటి ఒక పాత ఇంటి సామాను అమ్మకంలో చూశాను. దాని అంచులో పర్షియన్ అంకెల్లో 1325 అని నేసి ఉంది. అమ్మే ఆవిడ "1907 నాటిది" అంటోంది. ఆ ఏడాది నిజమేనా?

దుబాయ్_రమణ | ఆదివారం, మధ్యాహ్నం 1:20

శైలజ గారూ, అమెరికాలో "కొత్త పర్షియన్" అన్న మాట వినగానే ఆగి అడగాలి. ఇరాన్ తివాచీల మీద అక్కడ నిషేధం 1987లో వచ్చింది, 2000లో సడలించారు, 2010లో మళ్ళీ పెట్టారు, అణు ఒప్పందం తర్వాత 2016లో తీశారు, 2018 ఆగస్టులో మళ్ళీ పెట్టారు. దుబాయ్ నుంచి తెప్పించినా సరే, పుట్టింది ఇరాన్‌లోనైతే నిషేధమే. కాబట్టి షోరూమ్‌లోది తెరుచుకున్న ఏళ్ళల్లో వచ్చిన పాత సరుకైనా కావాలి, లేదా పర్షియా బొమ్మతో మన దేశంలోనో పాకిస్తాన్‌లోనో నేసిందైనా కావాలి. రెండోదైతే తప్పేమీ లేదు, మంచి చేతిపనే. కాకపోతే "ఇరాన్‌లో నేసింది" అని బిల్లు మీద రాసివ్వమనండి. "పర్షియన్ డిజైన్" అని రాస్తే అది వేరే మాట.

మగ్గం మనిషి గారు నిన్న నన్ను సరిదిద్దారు. ఒప్పుకుంటున్నాను, బొమ్మ చూసి తొందరపడ్డాను. ఇక్కడ నాకు తెలిసిన ఇంకో మోసం చెప్తాను. "కాషాన్ తివాచీ" అని అమ్ముతారు, చీటీ మీద 700, 1000, 1200 "రీడ్స్" అనో "షానే" అనో ఉంటుంది. అది మెషీన్ లెక్క. కాషాన్, దాని పక్క ఊళ్ళు ఇప్పుడు మెషీన్ తివాచీలకు పెద్ద కేంద్రం, టర్కీలో గాజియాంతెప్ ఎలాగో అలాగ. ఊరు నిజమే, తివాచీ ఇరాన్‌దే, చెయ్యి మాత్రం పడలేదు. చేతి తివాచీకి ముళ్ళ లెక్క చెప్తారు గానీ రీడ్స్ చెప్పరు.

ఇక 1325. అది హిజ్రీ సంవత్సరం. చాంద్రమానమైతే 1907 అవుతుంది. కానీ ఇరాన్ 1925లో సౌరమాన హిజ్రీకి మారింది. ఆ లెక్కలో 1325 అంటే 1946. నలభై ఏళ్ళ తేడా. ఏ లెక్కో తివాచీ పాతదనం, రంగులు చూసి చెప్పాలే తప్ప అంకె ఒక్కటే చూసి చెప్పలేం. పాతకాలపు తివాచీలన్నీ చాంద్రమానమే. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న అర్దబీల్ తివాచీ మీద 946 అని నేసి ఉంది, అంటే 1539–40. నేను ఆ గదిలో గంటసేపు నిలబడ్డాను. తివాచీ రంగులు పోకుండా దీపాలు మసకగా ఉంచి, అప్పుడప్పుడు మాత్రం వెలుగు పెంచుతారు.

రఫూ_కరీం | ఆదివారం, మధ్యాహ్నం 3:00

రమణ సాబ్ చెప్పింది సరి. దానికి ఒక్క మాట కలుపుతాను. పర్షియన్ అంకెల్లో 3కూ 2కూ తేడా నెత్తి మీద ఒక్క పన్ను. 1325లో ఆ 3కున్న ఒక పన్ను ముళ్ళు పీకి, అక్కడ నేల రంగు ఉన్నితో ముడేస్తే 1225 అయిపోతుంది. వందేళ్ళు పెరిగిపోతుంది. శైలజ గారూ, అంకెల వెనకవైపు చూడండి. తర్వాత వేసిన ముడి రంగు కొంచెం వేరుగా, గింజ కొంచెం ఎత్తుగా కనిపిస్తుంది. రఫూ మేం ఎంత బాగా చేసినా వెనక దాగదు.

ఏలూరు_వాడిని | ఆదివారం, సాయంత్రం 5:35

కాశ్మీరు, భదోహి అంటున్నారు గానీ మన ఏలూరును ఎవరూ తలవలేదే అని రాస్తున్నాను. తంగెళ్ళమూడిలో ఉన్ని తివాచీలు నేసేవారండీ. మొఘలుల కాలంలో పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ళు మా దగ్గర స్థిరపడ్డారని పెద్దలు చెప్పేవారు. బందరు రేవు పక్కనే, గోల్కొండకు ఇరాన్‌తో రాకపోకలు. నేర్చింది వాళ్ళ దగ్గరే అయినా తర్వాత ఇక్కడి చేతుల్లో ఇక్కడి పని అయింది. వరంగల్ తివాచీలు 1851లో లండన్ మహా ప్రదర్శనకు వెళ్ళాయి. మా అమ్మమ్మ ఆ మెత్తటి వాటిని రత్నకంబళి అనేది, జంపఖానా వేరు, రత్నకంబళి వేరు అని కచ్చితంగా చెప్పేది. ఆ మాట ఇప్పుడు పిల్లలకు తెలియదు.

నా బాధ ఏమిటంటే, మన దగ్గర నేసినదాన్ని కూడా "పర్షియన్" అని అమ్మితేనే కొంటున్నారు. ఏలూరుదని చెప్పి అమ్మే రోజు నా చిన్నప్పుడే తగ్గిపోయింది.

మగ్గం_మనిషి | ఆదివారం, సాయంత్రం 6:10

అన్నా, మీ మాటకు నా చేతులు రెండూ ఎత్తుతున్న. కాశ్మీరోళ్ళు చాన కష్టపడి తమ తివాచీకి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నరు, ఇప్పుడు ఒక్కో తివాచీకి క్యూఆర్ కోడ్ చీటీ వస్తున్నది. మా వరంగల్ జంపఖానాకు 2018ల గుర్తింపు వచ్చింది. వేరే ఊరి పేరు మీద అమ్ముడుపోతే నేసినోని పేరు గూడ పోయినట్టే.

సుజాత_సికింద్రాబాద్ | ఆదివారం, రాత్రి 9:15

ఫలితం చెప్పేముందు ఇంకో ప్రశ్న. మా తమ్ముడు పోయినేడాది ఇస్తాంబుల్ వెళ్ళాడు. గైడు ఒక దుకాణానికి తీసుకెళ్ళాడట. ముందు టీ, తర్వాత పట్టుగూళ్ళను వేడినీళ్ళలో వేసి దారం తీసే ప్రదర్శన, తర్వాత ఒకదాని మీద ఒకటి తివాచీలు విసిరి పరచడం. వాడు గోడకు వేలాడదీసే చిన్నది ఒకటి కొన్నాడు, "హెరెకే పట్టు" అని సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. మొన్న దాని మీద నీళ్ళు ఒలికితే ఆ మేరకు మెరుపు పోయి గరుకుగా అయింది. పట్టు అలా అవుతుందా? వాడు మూణ్ణెల్ల జీతం పెట్టాడు.

రఫూ_కరీం | సోమవారం, ఉదయం 6:50

అమ్మా, సర్టిఫికెట్ అమ్మేవాడే రాసిచ్చేది. దాన్ని పక్కన పెట్టండి. కుచ్చు నుంచి ఒక్క పోగు, బొచ్చు అడుగు నుంచి ఒక్క పోగు తీయండి, వేరువేరుగా. ఇనుప పళ్ళెంలో పెట్టి కాల్చండి. పట్టైతే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలిన నల్ల బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతుంది. కాగితం కాలిన వాసన వచ్చి, మంట ఆరకుండా సాగితే అది నూలో, విస్కోస్ అనే కృత్రిమ పట్టో. కరిగి గట్టి ముత్యంలా మిగిలితే పాలియెస్టర్. రెండూ ఎందుకంటే, కుచ్చుకు మాత్రం పట్టు వేసి బొచ్చుకు వేరేది వేసేవాళ్ళున్నారు. చేత్తో రుద్దితే వేడెక్కుతుంది, కాబట్టి పట్టు అనే పరీక్షను నేను నమ్మను. ఏదైనా రుద్దితే వేడెక్కుతుంది.

హెరెకే అన్నది టర్కీలో ఇజ్మిత్ అఖాతం ఒడ్డున ఊరు. సుల్తాన్ అబ్దుల్ మెజీద్ 1843లో అక్కడ రాజభవనాల కోసం కార్ఖానా పెట్టించాడు. అసలు హెరెకే పట్టు తివాచీలో ఒక సెంటీమీటరు పొడవుకు పది, వెడల్పుకు పది ముళ్ళుంటాయి. చదరపు మీటరుకు పది లక్షలు. మీ తమ్ముడిదాంట్లో ఒక సెంటీమీటరులో ఎన్నున్నాయో లెక్కపెట్టండి. నాలుగో ఐదో ఉంటే హెరెకే అన్న పేరు అక్కడే పడిపోతుంది. టర్కీలోనే కైసెరీలో మెరుపెక్కించిన నూలుతోనో విస్కోస్‌తోనో తివాచీలు నేస్తారు, "ఫ్లోష్" అంటారు. చూపుకు పట్టే. ఆ పేరుతోనే, ఆ ధరకే అమ్మితే అది మంచి వస్తువు. పట్టని అమ్మితే మోసం.

దుబాయ్_రమణ | సోమవారం, ఉదయం 8:05

టర్కీ వెళ్ళేవాళ్ళకు నాదొక మనవి. గైడు తీసుకెళ్ళిన దుకాణంలో మొదటి రోజు కొనకండి. గైడుకు ఇచ్చే వాటా మీ ధరలోనే ఉంటుంది. ఆ దుకాణాల్లో చైనా, భారత్, పాకిస్తాన్ సరుకూ ఉంటుంది. పల్లె నేత, మొక్కల రంగులు కావాలంటే చానక్కలే దగ్గర ఐవాజిక్ వైపు అడగండి. 1981లో హారల్డ్ బోమర్ అనే జర్మన్ రసాయన ఉపాధ్యాయుడి పూనికతో అక్కడ డోబాగ్ అని ఒక పథకం మొదలైంది. పల్లె ఆడవాళ్ళు మర్చిపోయిన మంజిష్ఠ వేరు ఎరుపు, నీలిమందు నీలం మళ్ళీ వాడటం అక్కడే మొదలుపెట్టారు. పాత తివాచీ కొంటే మాత్రం మ్యూజియం ధ్రువపత్రం లేకుండా దేశం దాటనివ్వరు, అది అడిగి తీసుకోండి.

సుజాత_సికింద్రాబాద్ | సోమవారం, రాత్రి 10:20

ముందు తమ్ముడిది. బొచ్చు పోగు కాలిస్తే కాగితం వాసన. సెంటీమీటరుకు ఐదు ముళ్ళు. ముడి మాత్రం కరీం గారు చెప్పిన టర్కీ ముడే, స్పష్టంగా కనిపించింది. చేతిపనే, పట్టు కాదు. వాడికి ఫోన్లో చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "పోనీలే అక్కా, ఎవరో కూర్చుని నేసిందే కదా" అన్నాడు.

ఇక పెదనాన్నది. సాయంత్రం పెద్దమ్మ, నేను, మా అమ్మాయి ముగ్గురం కూర్చున్నాం. పెద్దమ్మ తివాచీ మడిచి పట్టుకుంది, అమ్మాయి టార్చి పట్టింది. నేను కుంకుమపుల్లతో బొచ్చు తొలగించాను. మొదటి ఐదు నిమిషాలు ఏమీ అర్థం కాలేదు, అంతా ఎర్రగా ఉన్ని. తర్వాత పురుగు తిన్న మూల పక్కన, బొచ్చు సగం పోయిన చోట చూస్తే ఒక్కసారిగా తెలిసిపోయింది. రెండు తెల్లటి పడుగు దారాల మీద ఎర్రటి పట్టీ, జడకు రబ్బరుబ్యాండు వేసినట్టు. దాని కింద నుంచి రెండు కొసలూ జంటగా పైకి. పద్నాలుగు చోట్ల చూశాం. పద్నాలుగూ అంతే.

వెనకవైపు 7 సెంటీమీటర్లలో మొదట డెబ్బై లెక్కొచ్చింది. కరీం గారి హెచ్చరిక గుర్తొచ్చి పసుపు సన్నగీత దగ్గర చూస్తే ఒక్కో ముడికి ఒక గింజ పైకి, పక్కది సగం లోపలికి దిగి ఉంది. రెండూ కలిపి ఒకటి. అంటే 35.

రఫూ_కరీం | సోమవారం, రాత్రి 10:55

సుభానల్లా. టర్కీ ముడి, నూలు పడుగు, పతకం బొమ్మ, 35 రజ్. నా లెక్కలో తబ్రీజ్. కాశ్మీరు కాదు.

7 సెంటీమీటర్లకు 35 అంటే సెంటీమీటరుకు ఐదు. చదరపు మీటరుకు రెండున్నర లక్షలు. మీది ఆరు చదరపు మీటర్లు, అంటే పదిహేను లక్షల ముళ్ళు. ఒక మనిషి రోజుకు ఎనిమిది వేల ముళ్ళు వేశాడనుకున్నా ఆరు నెలలు పైమాట. పెద్దమ్మ గారికి ఈ లెక్క చెప్పండి.

మూల సంగతి: పురుగు ఇంకా ఉండొచ్చు. ముందూ వెనకా ఎండలో వేసి, బొచ్చు అడుగు దాకా మెత్తటి బ్రష్‌తో దులపండి. గుడ్లు అక్కడే ఉంటాయి. కుచ్చుల మీద వాక్యూమ్ క్లీనర్ బ్రష్ తిప్పకండి, పడుగు తెగుతుంది. ఉతకడానికి ఎవరికీ ఇవ్వకండి. మళ్ళీ దుప్పట్లో చుట్టి అటక ఎక్కించకండి, వాడుతుంటేనే పురుగు పట్టదు. ఆ మూలకు కొత్త పడుగు లాగి, అదే ముడి వేసి, పాత ఎరుపుకు దగ్గరి ఉన్ని వెతికి పూడ్చాలి. లేత పట్టీ పక్కనే ఉంది కాబట్టి రెండు ఎరుపులు కావాలి.

సుజాత_సికింద్రాబాద్ | మంగళవారం, ఉదయం 7:30

చెప్పాను కరీం గారూ. పదిహేను లక్షలు అనగానే పెద్దమ్మ చేత్తో ఒకసారి నిమిరింది. అప్పుడు చెప్పింది: పెదనాన్న కొన్న రోజు దుకాణాయన తివాచీ తిరగేసి వెనక చూపించాడట, ఆయన ఇంటికొచ్చి ఆవిడకూ అలాగే తిరగేసి చూపించారట. ఇన్నేళ్ళూ ఎందుకు వెనక చూపించారో తనకు తెలియలేదంది.

మూల మీరే చేయండి. బుధవారం నేనే తీసుకొస్తాను. పెద్దమ్మ కూడా వస్తానంటోంది, ఆ రెండు ఎరుపులు తనే చూసి ఒప్పుకుంటుందట.